వైజాగ్ వస్తున్నారా? ఎండని చూసుకుని రండి

(వేసవి సెలవులు కదా, ఈసారి ప్రయాణాల శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నం గురించే. పెదవాల్తేరులో ఉంటున్న మా కాలమిస్టు, రిటైర్డ్ జాగ్రఫీ టీచరు, జవాబులు రాశారు.)

ప్రశ్న: మే మూడో వారంలో మూడు రోజులు వైజాగ్ రావాలనుకుంటున్నాం. అత్తగారు, మామగారు, మేమిద్దరం, పదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, జూ, సింహాచలం, రుషికొండ, భీమిలి, తొట్లకొండ, యారాడ, అరకు, బొర్రా గుహలు చూడాలని ఉంది. ఏ రోజు ఏవి చూడాలో వరస రాసివ్వగలరా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: అమ్మా, మీ జాబితాలో పదకొండు పేర్లున్నాయి. ఇలాంటివి ట్రావెల్స్ వాళ్ళ దగ్గర అచ్చేసి సిద్ధంగా ఉంటాయి. ప్రతిచోటా దింపడం, ఫోటోలు తీసుకోమనడం, కాసేపటికి హారన్ కొట్టడం. ఇంటికెళ్ళాక పిల్లల్ని ఏం చూశారని అడగండి, కారులో ఏసీ గురించి చెబుతారు. అందుకని వరస రాయడం కంటే ముందు కొట్టివేతలు మొదలుపెడతాను: అరకు, బొర్రా, యారాడ, తొట్లకొండ. కోపం తెచ్చుకోకండి.

ముందు ఎండ సంగతి వినండి. మేలో 43, 44 డిగ్రీలు చూసే ఖమ్మం వాళ్ళకి వైజాగ్‌లో 35 అంటే హాయిగా ఉంటుందనిపిస్తుంది. మీ దగ్గర నీడలోకి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ నీడలో కూర్చున్నా చొక్కా వీపుకి అంటుకుపోతుంది. గాలిలో తేమ ఎక్కువ, చెమట పడుతుంది గానీ ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! పదకొండు ప్రాంతంలో సముద్రపు గాలి మొదలవుతుంది. నేల త్వరగా వేడెక్కుతుంది, నీళ్ళు నిదానంగా వేడెక్కుతాయి, కాబట్టి గాలి నీళ్ళ మీంచి ఊరి వైపు తిరుగుతుంది. ఆ గాలి ఉన్నంతసేపే వైజాగ్ వైజాగ్‌లా ఉంటుంది. పడమటి గాలి గట్టిగా వీచిన రోజున సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. ఆ రోజు మేం కూడా తలుపులేసుకుని కూర్చుంటాం. పేపర్లో విశాఖకి రెండు ఉష్ణోగ్రతలు వేయడం గమనించారా? ఒకటి వాల్తేరుది, ఒకటి ఎయిర్‌పోర్టుది. వేసవిలో మామూలుగా ఎయిర్‌పోర్టు దగ్గరే ఎక్కువ ఉంటుంది. బస చూసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. ఊరికి ఆ చివర చవగ్గా దొరికిందని గది తీసుకుంటే అటు వేడికీ, ఇటు ఆటోలకీ డబ్బు పోతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్, సిరిపురం, జగదాంబ, ఈ మూడింటి మధ్య ఎక్కడ దిగినా మీలాంటి వాళ్ళకి సౌకర్యం.

తిరగాల్సింది రెండే పూటలు. పొద్దున ఐదు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర. మధ్యలో భోంచేసి పడుకోండి. సెలవులకొచ్చి పడుకోవడమేమిటని మీవారు అనొచ్చు. ఒక్కరోజు ఆయన్ని పన్నెండింటికి బీచ్ రోడ్డు మీద నడిపించండి, మళ్ళీ అనరు. మేలో ఇక్కడ ఐదున్నరకల్లా సూర్యుడు వచ్చేస్తాడు. తూర్పు తీరం కాబట్టి నీళ్ళలోంచే పైకొస్తున్నట్టుంటుంది. పిల్లల్ని నాలుగు ముప్పావుకి లేపడం కష్టమే, కానీ ఆ కాసేపట్లో ఆర్కే బీచ్ మీద ఊరంతా కనబడుతుంది. నడిచేవాళ్ళు, యోగా చేసేవాళ్ళు, అలలకి అరిచేవాళ్ళు, అంబలి, రాగిజావ అమ్మేవాళ్ళు.

మీరు గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వస్తే పొద్దున్నే దిగుతారు. ఆ పూట స్నానాలు, టిఫిన్లు, నిద్ర. హోటల్ వాళ్ళు గది మధ్యాహ్నం పన్నెండుకే ఇస్తారా, దిగగానే ఇస్తారా అన్నది బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి. అత్తగారూ మామగారూ రాత్రంతా ప్రయాణం చేసొచ్చి లాబీలో కూర్చోవడం బాగుండదు. సాయంత్రం సబ్‌మెరైన్, దాని ఎదురుగా విమానం మ్యూజియం, పక్కనే ఇసుక. అన్నీ నడిచి వెళ్ళే దూరమే. మామూలు రోజుల్లో సబ్‌మెరైన్‌లోకి మధ్యాహ్నం తర్వాతే పంపిస్తారు, మీ పూటకి అది సరిపోతుంది. సోమవారం మూసేస్తారు. జూకి కూడా సోమవారమే సెలవు. కాబట్టి మీ మూడు రోజుల్లో సోమవారం లేకుండా చూసుకోండి, సగం చిక్కులు తీరిపోతాయి.

రెండో రోజు పొద్దున ఇంట్లోవాళ్ళు రెండు జట్లుగా విడిపోండి. అందరూ అన్నీ చూడాలని రూలేం లేదు. అత్తగారినీ మామగారినీ మీవారు సింహాచలం తీసుకెళ్తారు, పిల్లల్ని మీరు జూకి. సింహాచలంలో కొండపైకి బస్సులుంటాయి, మెట్లెక్కక్కర్లేదు. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. నిజరూపం అక్షయ తృతీయ ఒక్కనాడే, ఆ రోజు జనం మధ్య పెద్దవాళ్ళని నడిపించడం మన వల్ల కాదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే దర్శనం నిదానంగా అవుతుంది, కప్పస్తంభాన్ని కౌగిలించుకోవచ్చు, రాయలవారి శాసనాలు తీరిగ్గా చూడొచ్చు. జూకి రెండు గేట్లు, ఒకటి హైవే వైపు, ఇంకొకటి సాగర్‌నగర్ దగ్గర బీచ్ రోడ్డు వైపు. గేటు తీసే వేళకే ఉండండి. ఆరు వందల ఎకరాల పైచిలుకు స్థలం, పాప నడవలేదు, లోపల బ్యాటరీ బండి తీసుకోండి. ఎండెక్కాక పులీ సింహం నీడ వెతుక్కుంటాయి, ఇక బోను చూసి రావడమే. ఆ సాయంత్రం అందరూ కలిసి రోప్‌వేలో కైలాసగిరి. పైన శివపార్వతుల దగ్గర ఫోటో అందరూ తీసుకునేదే, మీరూ తీసుకోండి. ఆ తర్వాత దక్షిణం వైపు రెయిలింగ్ దగ్గరికెళ్ళి నిలబడండి. తీరం వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ దాకా వెళ్ళడం ఒక్క చూపులో కనిపిస్తుంది. హార్బరుకి ఆ కొండ ఎలా అడ్డుకాసిందో మీ బాబుకి చూపించండి. 1933లో ఇక్కడ ఓడరేవు పెట్టడానికి ఆ కొండా ఒక కారణమే.

మూడో రోజు పొద్దున భీమిలి దారి, సాయంత్రం రుషికొండ, రాత్రి రైలు. యారాడ ఊరికి అవతలి చివర, ట్రాఫిక్ దాటుకుని వెళ్ళాలి. తొట్లకొండ మీద నీడ తక్కువ, ఆరేళ్ళ పాపకి అక్కడ ఆడుకోవడానికేమీ ఉండదు. అరకు సంగతి కింద ఇంకొకరు అడిగారు, అది చదవండి.

ప్రశ్న: మా నాన్నగారు ఆర్మీలో చేశారు, ఇప్పుడు 76 ఏళ్ళు. సబ్‌మెరైన్ చూడాలని ఆయన కోరిక. మోకాళ్ళ నొప్పులున్నాయి. లోపల తిరగగలరా? (రాజమహేంద్రవరం)

జవాబు: నిర్ణయం ఆయనదే, కానీ లోపల ఎలా ఉంటుందో ముందే తెలిస్తే మంచిది.

ఐఎన్ఎస్ కుర్సుర 91 మీటర్ల పొడవు. రష్యా నుంచి వచ్చింది, 1969లో మన నౌకాదళంలో చేరి 2001లో రిటైరైంది, మరుసటి ఏడు ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. ముందు బయట మెట్లెక్కాలి. అవి ఫర్వాలేదు, పట్టుకోవడానికి కమ్మీ ఉంటుంది. ఇబ్బందల్లా లోపలే. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళే తలుపులు గుండ్రంగా, చిన్నగా ఉంటాయి. కింద అంచు మోకాలి ఎత్తున అడ్డు వస్తుంది. తల వంచాలి, నడుం వంచాలి, ఒక కాలు అవతల పెట్టి రెండోది లాక్కోవాలి, ఈ మూడూ ఒకేసారి చెయ్యాలి. వెనకాల జనం తోసుకొస్తుంటారు, మధ్యలో వెనక్కి తిరగడానికి దారి ఉండదు. నెత్తి మీద పైపులు, ఇటూ అటూ మీటర్లు, చక్రాలు. డెబ్బై మందికి పైగా మనుషులు ఇందులో రోజుల తరబడి ఉండేవాళ్ళంటే ఆయనకి మనకంటే బాగా అర్థమవుతుంది.

మామూలు రోజున, తెరవగానే వెళ్ళండి. జనం పలచగా ఉంటే నిదానంగా దాటించవచ్చు. లోపల వివరించేవాళ్ళలో నేవీలో చేసి రిటైరైనవాళ్ళుంటారు. నాన్నగారు ఆర్మీ అని ఒక్క మాట చెప్పండి, మీకు ఇంటికెళ్ళడం ఆలస్యమవుతుంది.

వద్దనుకుంటే ఎదురుగా టీయూ-142 ఉంది. 1988 నుంచి 2017 దాకా సముద్రం మీద నిఘా తిరిగిన విమానం. చుట్టూ తిరిగి చూడటానికి మోకాళ్ళకి పెద్ద శ్రమ లేదు. అక్కడి నుంచి కాస్త నడిస్తే విక్టరీ ఎట్ సీ స్తూపం. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది ఈ తీరానికి దగ్గర్లోనే. ఆ యుద్ధం నాటికి ఆయనకి ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి కదా, చెప్పడానికి ఆయన దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. అక్కడ ఒక బెంచీ చూసుకుని కూర్చోండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి నలుగురం ఫ్రెండ్స్ వస్తున్నాం. వీకెండ్ రెండు రోజులే. పొద్దున వైజాగ్‌లో దిగి కారులో అరకు వెళ్ళి, రాత్రికి తిరిగొచ్చేద్దామని ప్లాన్. పసుపుపచ్చ పూల తోటలు, మంచు ఫోటోలు తీసుకోవాలి. మేలో కుదురుతుందా ఆంటీ? (హైదరాబాద్)

జవాబు: పూలు కుదరవు బాబూ. మీరు ఫోన్లో చూసినవి వలిసె పూలు, నవంబరు డిసెంబరుల్లో పూస్తాయి. మంచు కూడా ఆ రోజుల్లోనే. మేలో వచ్చి "ఫోటోల్లో ఉన్నట్టు లేదు" అని మొహం వేలాడేసుకుని వెళ్ళే కుర్రాళ్ళని ఏటా చూస్తుంటాను.

అలాగని మేలో అరకు పనికిరాదని కాదు. ఎత్తు సుమారు 900 మీటర్లు. కిలోమీటరు పైకెళ్తే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుందని ఎనిమిదో తరగతిలో చదువుకునే ఉంటారు, ఆ లెక్కన మైదానం మీద ఐదారు డిగ్రీల తేడా. మధ్యాహ్నం ఎండ ఎండే. తేడా తెలిసేది సాయంత్రమయ్యాక. వైజాగ్‌లో రాత్రి పదింటికి కూడా ఫ్యాను కింద చెమట పడుతుంటే, అక్కడ దుప్పటి కప్పుకోవాల్సి వస్తుంది. అంటే అరకులో వేసవికి విలువైనది రాత్రి, తెల్లవారుజాము. మీరేమో సరిగ్గా ఆ రెండూ వదిలేసి, ఎండ వేళకి వెళ్ళి చీకటి పడకముందే ఘాట్ దిగిపోతామంటున్నారు! వైజాగ్ నుంచి శృంగవరపుకోట మీదుగా 115 కిలోమీటర్ల దాకా రోడ్డు, పోను మూడు గంటల పైనే, రాను మళ్ళీ అంతే. రాత్రి బస్సు దిగి, నిద్ర లేని కళ్ళతో ఘాట్ రోడ్డు తిరగడం నాకు నచ్చలేదు.

రెండు రోజులే ఉంటే ఆ రెండూ అరకుకే ఇచ్చెయ్యండి. వైజాగ్ ఎక్కడికీ పోదు. మొదటి రోజు పొద్దున కిరండూల్ వెళ్ళే రైలెక్కండి, ఏడు లోపే బయల్దేరుతుంది. అద్దాల పెట్టె, అదే విస్టాడోమ్, 2017 నుంచి తగిలిస్తున్నారు. దానికి సెలవుల్లో గిరాకీ ఎక్కువ. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన రోజే కూర్చోవాలి. దొరక్కపోతే మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి, గాలైనా తగులుతుంది. ఈ లైను ఇనుప ఖనిజం దింపడానికి వేసింది, మన విహారయాత్ర కోసం వేసింది కాదు. ఆ సొరంగాలూ వంతెనలూ అన్నీ బైలడిల్లా ఖనిజాన్ని రేవుకి చేర్చడానికే. ఎదురుగా నల్లటి ఎర్రటి దుమ్ముతో బారెడు పొడుగు గూడ్సు వస్తే విసుక్కోకుండా చూడండి, ఆ లైనుకి అసలు యజమాని అదే. సొరంగం రాగానే పెట్టెంతా కేకలు పెడుతుంది. మీరూ పెట్టండి, సిగ్గుపడితే లాభం లేదు.

బొర్రా గుహలు చూడాలంటే ఆ స్టేషన్లో దిగిపోవచ్చు, అక్కడి నుంచి జీపులో అరకు. గుహల్లో మెట్లు చాలా, తడిగా ఉంటాయి, చెప్పులు జారకుండా చూసుకోండి. సున్నపురాయిని గోస్తనీ నీళ్ళు తొలిచి చేసిన గుహలవి. పైనుంచి వేలాడే రాళ్ళలో శివుణ్ణీ ఆవునీ చూపించి గైడు డబ్బులడుగుతాడు. ఇవ్వండి, వాళ్ళ బతుకుతెరువు. కానీ ఒక రాతి కొసన నీటిచుక్క వేలాడుతుంటే దాన్నొకసారి దగ్గరగా చూడండి. ఆ చుక్కలో కరిగిన సున్నం కొంచెం రాతికి అంటుకుని మిగిలిపోతుంది. రాయి పెరిగేది అలాగే. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, మన చేతి జిడ్డు అంటితే అక్కడ పెరుగుదల ఆగుతుంది.

మేలో చాపరాయి దగ్గర నీళ్ళు పలచగా పారుతుంటాయి, జలపాతాలు కూడా అంతంతమాత్రమే. కాబట్టి వాటిమీద పెద్ద ఆశ పెట్టుకోకండి. సాయంత్రం అనంతగిరి వైపు కాఫీ తోటల్లో నడవండి. పొడవాటి చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకి అల్లుకున్న మిరియం తీగ. మేలో కాయ పచ్చిగా, చిన్నగా ఉంటుంది, కోత చలికాలంలో. దారిపొడుగునా పనసపళ్ళు ఉంటాయి. బొంగులో చికెన్ రోడ్డు పక్కన ప్రతి బండి మీదా దొరుకుతుంది. బొంగు మీ కళ్ళెదుట నిప్పులోంచి తీసి చీల్చాలి. ముందే వండి గిన్నెలో పెట్టుకుని, చల్లటి బొంగులో పోసి ఇచ్చేవాళ్ళు కూడా తయారయ్యారు.

ఒక్క హెచ్చరిక. వేసవి మధ్యాహ్నాలు ఏజెన్సీలో ఉన్నట్టుండి ఉరుములు మెరుపులతో వాన పడుతుంది. చెట్టు కింద నిలబడొద్దు, ఫోటో సంగతి తర్వాత.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో స్నానం చెయ్యొచ్చా? పిల్లలు ఈత నేర్చుకున్నారు. (కరీంనగర్)

జవాబు: వద్దు. పాదాలు తడుపుకోండి చాలు. ఆర్కే బీచ్‌లో నాలుగడుగులు వేస్తే లోతు ఒక్కసారిగా వచ్చేస్తుంది, వెనక్కి వెళ్ళే నీరు కాళ్ళ కింద ఇసుకని లాగేస్తుంది. స్విమ్మింగ్ పూల్ ఈత ఇక్కడ అక్కరకి రాదు. ఏటా సెలవుల్లో ఇక్కడ పోయే ప్రాణాల్లో ఈతొచ్చిన కుర్రాళ్ళవీ ఉంటాయి. యారాడ ఇంతకంటే మోసం. నీళ్ళలో దిగే తీరాలనుకుంటే రుషికొండ వెళ్ళండి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న బీచ్, లైఫ్‌గార్డులుంటారు. వాళ్ళు ఈల వేస్తే బయటికి రావాలి, వాదన పెట్టుకోకూడదు.

ప్రశ్న: వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపల వేలం చూడటానికి బాగుంటుందని విన్నాం. మే పదో తేదీ ప్రాంతంలో వస్తున్నాం. మంచి కోనాం, చందువా ఎక్కడ తినాలి? (గుంటూరు)

జవాబు: మీరు సరిగ్గా వేట లేని రోజుల్లో వస్తున్నారు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం. ఆ రోజుల్లో హార్బరులో వేలం సందడి ఉండదు. బోట్లన్నీ వరసగా కట్టేసి, ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉంటాయి. కొందరు వాటికి రంగులేస్తుంటారు, కొందరు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటారు. కాలి బొటనవేలికి వల తగిలించి, బిగువుగా లాగిపట్టుకుని, చిరిగిన కన్ను దగ్గర దారం తిప్పే తీరు చూసి తీరాలి. వేలం కంటే నాకు అదే ఇష్టం. అడిగి చూడండి, మొహాల మీదికి ఫోన్ పెట్టేసి ఫోటోలు తియ్యొద్దు. ఆ రెండు నెలలూ వాళ్ళకి రాబడి లేని రోజులు.

చేప అసలు దొరకదని కాదు. మోటారు లేని తెప్పలకీ చిన్న పడవలకీ నిషేధం లేదు. మా వీధికి జాలరిపేట నుంచి ఒకామె గంపతో వస్తుంది. ఏప్రిల్ దాటాక గంపలో చిన్న చేపలే ఎక్కువ. "పెద్దవి ఏటుంటాయమ్మా, బోట్లన్నీ కట్టీసినారు కదా" అంటుంది. ఆమె చెప్పే ధరకి నేను బేరమాడను, ఆ నెలల్లో బేరమాడటం పాపం. కాబట్టి మేలో హోటల్లో చేటంత కోనాం ముక్క ప్లేటులో పెడితే, అది ఐసులో ఎన్నాళ్ళుందో అడగండి. నన్నడిగితే ఆ రోజుల్లో నెత్తళ్ళ వేపుడు, ఎండుచేపల పులుసు, రొయ్యలు దొరికితే రొయ్యలు. పెద్ద చేప మీదే మనసుంటే జూన్ నెలాఖరుకి రండి. అప్పటికి వానలు మొదలై ఊరు కూడా చల్లబడుతుంది.

ప్రశ్న: నేను రిటైరయ్యాను, వయసు 63. ఒక్కదాన్నే వస్తున్నాను, మూడు పగళ్ళు ఉంటాను. కారు పెట్టుకునే స్తోమత లేదు. బస్సుల్లో వైజాగ్ చూడగలనా? జనం లేని చోట్లంటే ఇష్టం. (అనంతపురం)

జవాబు: భేషుగ్గా చూడగలరు. ఈ నెల ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న మీదే. కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదవండి.

రైల్వే స్టేషన్ దగ్గర 900కె ఎక్కండి. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళే బస్సు. వెళ్ళేటప్పుడు కుడివైపు సీటు పట్టండి, దారంతా సముద్రం ఆ వైపే. తెన్నేటి పార్కు, సాగర్‌నగర్, రుషికొండ, మంగమారిపేట, ఇలా ఒక్కో ఊరూ వస్తుంటుంది. ఎక్కడ బాగుందనిపిస్తే అక్కడ దిగిపోయి తర్వాతి బస్సు ఎక్కొచ్చు. మంగమారిపేటలో నీరు వెనక్కి తగ్గిన వేళ సముద్రపు అంచున రాతి తోరణం ఒకటి కనబడుతుంది, అలలు తొలిచి చేసింది. బీచ్ రోడ్డులో ఇప్పుడు పర్యాటకుల కోసం డబుల్ డెక్కర్ కూడా తిప్పుతున్నారు, సరదాకి ఒకసారి ఎక్కండి. రోజువారీ తిరగడానికి మాత్రం మన సిటీ బస్సే.

మొదటి బస్సులకే బయల్దేరి ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగండి. భీమిలికి కొంచెం ఇవతల. చాలామంది రోడ్డు పక్కన ఆగి, సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు. మీరు కాస్త లోపలికి నడవండి. అది మట్టి కాదు, ఇసుక. ఒకప్పుడు సముద్రమట్టం తగ్గినప్పుడు గాలి తెచ్చి పోసిన తీరపు ఇసుక. వేల ఏళ్ళపాటు అందులోని ఇనుము తుప్పు పట్టి ఒక్కో రేణువుకీ ఎర్రటి పూత పట్టించింది. గుప్పెడు తీసి అరచేతిలో నలిపి చూడండి, వేళ్ళకి ఎరుపు అంటుతుంది. వానలు పడినప్పుడు నీళ్ళు దాన్ని కోసుకుంటూ సముద్రంలోకి పోతాయి, అందుకే అన్ని లోయలూ గోడలూను. లోయలోకి దిగితే సముద్రపు హోరు వినబడదు, అంత పెద్ద సముద్రం అంత దగ్గరలో ఉన్నా. దక్షిణాసియాలో ఇలాంటి తీరపు ఎర్ర దిబ్బలు తమిళనాడులో, శ్రీలంకలో ఉన్నాయి, ఇంకెక్కడా పెద్దగా లేవు. జియాలజికల్ సర్వే వాళ్ళు దీన్ని భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. ప్రకటించాక కూడా చుట్టూ తవ్వకాలు, చదునుచేయడాలు, షూటింగులు. అంచుల మీదికి ఎక్కొద్దు, గోడలు గీకి పేర్లు రాయొద్దు అని నేను స్కూల్లో పిల్లలకి చెప్పినట్టు పెద్దవాళ్ళకి కూడా చెబుతుంటాను. ఎనిమిది లోపు వెళ్తే నీడలు పొడుగ్గా పడి గోడల మీద గీతలన్నీ స్పష్టంగా తెలుస్తాయి. తొమ్మిది దాటితే అక్కడ ఉండలేరు. నీళ్ళ సీసా తప్పనిసరి, దగ్గర్లో కొట్లు ఉండవు. ఒక్కరే కాబట్టి రోడ్డు కనబడేంత దూరంలోనే తిరగండి.

అక్కడి నుంచి భీమిలి ఎంతో దూరం లేదు. గోస్తనీ సముద్రంలో కలిసేది ఇక్కడే. బొర్రాలో గుహలు తొలిచిన ఆ నదే ఇది. డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, వాళ్ళ సమాధులున్నాయి. కొన్ని మనిషంత ఎత్తు కోణాకారపు కట్టడాలు, రాళ్ళ మీద డచ్చి భాషలో అక్షరాలు. గొర్రెలు మేస్తుంటాయి, అడిగేవాళ్ళుండరు. భీమిలి మునిసిపాలిటీ 1861 నాటిది, దేశంలోనే పాతవాటిలో ఒకటి. ఊరు ఇప్పటికీ తొందరపడదు. పదిన్నరకి తాటిముంజలు తిని బస్సెక్కెయ్యండి.

సాయంత్రం నాలుగున్నరకి తొట్లకొండ. పాపతో వచ్చే ఖమ్మం అమ్మాయికి వద్దన్నాను, మీకు మాత్రం తప్పకుండా చూడమంటాను. రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ ఆరామం. స్తూపం, భిక్షువుల గదుల పునాదులు, కొండ రాతిలోనే తొలిచిన నీటి తొట్లు. ఇన్నాళ్ళు మరుగున పడి ఉంటే నేవీ వాళ్ళు విమానం మీంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. కింద రోడ్డు దగ్గర బస్సు దిగి పైకి ఆటో మాట్లాడుకోండి, తిరిగి దింపే ఒప్పందంతో.

రెండో రోజు పాత ఊరు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి గర్భగుడి పైకప్పు లేదు, ఆకాశం కిందే ఉంటుంది. ఎవరైనా వెళ్ళి స్వయంగా పసుపు కుంకుమ పెట్టుకోవచ్చు. గురువారం వెళ్తే జనం, మిగతా రోజుల్లో నిశ్చింత. అక్కడి నుంచి హార్బరు వైపు నడిస్తే పక్కపక్కన మూడు కొండలు, ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. మూడూ ఎక్కక్కర్లేదు, ఒకటి ఎక్కితే మిగతా రెండూ కనబడతాయి. రాస్ హిల్ చర్చి దగ్గర్నుంచి ఓడలు రేవులోకి వచ్చే కాలువ బాగా కనిపిస్తుంది, నా ఓటు దానికే.

మూడో రోజు ఏమీ పెట్టుకోకండి.

ప్రశ్న: మాది సీతమ్మధార, డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఏటా మేలో చుట్టాలు దిగుతారు. ఈసారి తొమ్మిది మంది. నాకు ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యను? (విశాఖపట్నం)

జవాబు: వైజాగ్‌లో ఇల్లు కొన్నప్పుడే ఇది రాసిపెట్టి ఉంటుందమ్మా. మా ఇంట్లో కూడా మేలో చాపలు కిందికి దిగుతాయి.

మొదటి సంగతి, వాళ్ళని ఊరు చూపించే బాధ్యత మీరు నెత్తిన వేసుకోకండి. పై జవాబులో బస్సు నంబరు రాశాను, చింపి ఫ్రిజ్ మీద అంటించండి. పొద్దున ఐదింటికి అందరినీ బీచ్‌కి పంపేస్తే ఇల్లు మీ చేతికొస్తుంది. తిరిగొచ్చేటప్పుడు టిఫిన్ బయటే తినేసి రమ్మని ముందురోజు రాత్రే మీ ఆయన చేత చెప్పించండి, మీరు చెప్తే బాగుండదు. మధ్యాహ్నం పప్పు, చారు, వడియాలు, పెరుగు. ఉక్కపోతలో మసాలాలు ఎవరికీ సహించవు, ఆ మాటే పైకి చెప్పండి. రాత్రి భోజనాలకి ముందు బీచ్‌లో మురీ మిక్చరు, మొక్కజొన్న పొత్తు తినొస్తారు కాబట్టి సగం వంటే చాలు.

రెండోది, మే అంటే ఆవకాయ కాలం. పూర్ణా మార్కెట్ నుంచి కాయ తెప్పించి పెట్టుకోండి. తొమ్మిది మంది చుట్టాలు ఖాళీగా కూర్చున్న మధ్యాహ్నం కంటే మంచి ముహూర్తం దొరకదు. కత్తిపీట ఒకరికి, జీడి తీసి తుడవడం ఇద్దరికి, ఆవపిండి జల్లించడం మీ ఆడపడుచుకి. పెట్టాక తలా ఒక సీసా ఇచ్చి పంపితే మీ మంచితనం ఊళ్ళో చెప్పుకుంటారు. నీళ్ళ ట్యాంకు సంగతి మాత్రం అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: వైజాగ్ నుంచి ఏం కొనుక్కెళ్ళాలి? (నెల్లూరు)

జవాబు: మాడుగుల హల్వా, కానీ పావుకిలో మించి కొనకండి, నెయ్యికి ఎక్కువ తినలేరు. అరకు కాఫీ గింజలుగానో పొడిగానో. పిల్లలున్న ఇంటికైతే ఏటికొప్పాక లక్కబొమ్మలు. అంకుడు కర్ర మీద లక్క పూసినవి, 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. బొంగరం కొనేముందు కొట్లోనే ఒకసారి తిప్పించి చూడండి. మేలో వస్తే సువర్ణరేఖ మామిడి, మా వైపు సుందరి అంటారు. పండినవి కాకుండా దోరవి అడగండి, రైల్లో నెల్లూరు చేరేసరికి సరిగ్గా తినడానికి వస్తాయి. బీచ్‌లో అమ్మే గవ్వల దండల మీద మీ పేరు రాయిస్తామంటారు. అది మీ ఇష్టం.